ముందుగా కొన్నవారికి ఏమిస్తున్నారు, మంత్రిగారూ?

గౌరవనీయులైన రైల్వే శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,

సంక్రాంతి ఎప్పుడో తెలుసుకోవడానికి మాకు పంచాంగం అక్కర్లేదు. జనవరి 14, కాకపోతే 15. హైదరాబాదులో బతుకుతున్న కోస్తా జిల్లాల వాళ్లు ఏ రోజుల్లో ఊరికి బయల్దేరతారో, ఏ రోజుల్లో తిరిగొస్తారో మాకూ తెలుసు, రైల్వేకీ తెలుసు, ప్రైవేటు బస్సుల వాళ్లకైతే మరీ బాగా తెలుసు. జనవరి 10న వెళ్లే రైలుకు రిజర్వేషన్ నవంబరు 11 ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. ఆ పొద్దున సికింద్రాబాదు, మల్కాజిగిరి, లింగంపల్లి, కూకట్‌పల్లి ఇళ్లలో పొయ్యి మీద పాలు పెట్టినవాళ్లు కూడా ఒక కన్ను ఫోన్ మీదే ఉంచుతారు.

ఆ ఉదయం ఐఆర్‌సీటీసీ తెర ఎలా ఉంటుందో చెబుతాను. 8 గంటలు కొట్టగానే విశాఖ వెళ్లే రైలు స్లీపర్ గడిలో పచ్చటి అక్షరాలతో ‘అవైలబుల్’ అని, పక్కన మూడంకెల సంఖ్య కనిపిస్తుంది. నలుగురి పేర్లు, వయసులు, అమ్మకు కింది బెర్తు, క్యాప్చా, యూపీఐ పిన్. ఇవన్నీ పూర్తయ్యేలోగా పండగ రైళ్లలో ఆ అంకె కరిగిపోతుంది. కొద్దిసేపటికి అదే గడిలో వెయిటింగ్ లిస్టు. ఇంకాసేపటికి ‘రిగ్రెట్’. ఆ తర్వాత వెయిటింగ్ లిస్టులో చేరడానికి కూడా చోటుండదు.

బెర్తులు చాలవన్న సంగతి మీకు కొత్త కాదు, దాని మీద మీకు అర్జీలు వస్తూనే ఉంటాయి. నేను అడగదలచుకున్నది ధర గురించి. అంత ముందుగా నిర్ణయించుకుని, అంత ముందుగా డబ్బు కట్టినవారికి మన రైల్వే ఒక్క రూపాయి కూడా తగ్గించదు. రెండు నెలల ముందు కొన్నా, ప్రయాణానికి మూడు రోజుల ముందు కొన్నా స్లీపర్‌లో అదే ఛార్జీ. సంక్రాంతి ముందటి శుక్రవారం కిక్కిరిసిన రైలుకూ, ఆషాఢంలో ఒక మంగళవారం సగం ఖాళీగా పోయే రైలుకూ అదే ఛార్జీ. ఛార్జీ కిలోమీటర్లను బట్టి, తరగతిని బట్టి పడుతుంది. రోజును బట్టి, రద్దీని బట్టి, ఎంత ముందుగా కొన్నారన్నదాన్ని బట్టి స్లీపర్‌లో తగ్గేది లేదు. పెరగడానికి మాత్రం దారులున్నాయి.

ఆ దారులు ఒకసారి చూద్దాం. మొదటిది తత్కాల్. ఏసీకి ఉదయం 10, మిగతా తరగతులకు 11 గంటలకు మొదలవుతుంది. స్లీపర్‌కు 100 నుంచి 200 రూపాయలు, థర్డ్ ఏసీకి 300 నుంచి 400 రూపాయలు అదనం. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. రెండోది ప్రీమియం తత్కాల్. అందులో బెర్తులు అమ్ముడైన కొద్దీ ధర ఎక్కుతూ పోతుంది. మూడోది పండగ స్పెషల్ రైలు. స్లీపర్, ఏసీ తరగతుల్లో మూల ఛార్జీ మీద 30 శాతం దాకా ఎక్కువ. నాలుగోది ఫ్లెక్సీ ఛార్జీ. 2016 సెప్టెంబరు 9 నుంచి రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్లలో అమలు చేస్తున్నారు. సికింద్రాబాదు నుంచి విశాఖకు దురంతో, ఢిల్లీకి రాజధాని, పుణేకు శతాబ్ది ఎక్కేవాళ్లకు ఇది బాగా అనుభవం.

ఫ్లెక్సీ ఎలా నడుస్తుందో సామాన్య పాఠకుల కోసం చెబుతాను. మూల ఛార్జీ 1,000 రూపాయలనుకోండి. మొదటి 10 శాతం బెర్తులు ఆ ధరకు అమ్ముతారు. తర్వాతి 10 శాతం 1,100కు, ఆ తర్వాతి 10 శాతం 1,200కు, అలా పైకి. మొదట 1.5 రెట్ల దాకా వెళ్లేది. ఆదాయం పెరిగినా రైళ్లలో ప్రయాణికులు తగ్గారని 2018లో కాగ్ ఎత్తిచూపింది. అదే ఏడాది రద్దీ తక్కువగా ఉన్న కొన్ని రైళ్లలో ఈ పద్ధతి ఎత్తేశారు, గరిష్ఠ పరిమితిని 1.4 రెట్లకు దించారు. ముందుగా కొన్నవారికి తక్కువ, ఆలస్యమైతే ఎక్కువ అని పైకి చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. కానీ దీని మొదటి మెట్టు మామూలు ఛార్జీయే. అందరికంటే ముందు కొన్న ఆ 10 శాతం మందికి దక్కిన లాభం ఇతరుల కంటే తక్కువ నష్టపోవడమే. దాన్ని రాయితీ అని ఎలా అనగలం?

విచిత్రమేమిటంటే చివరి క్షణంలో వచ్చినవారికి మన రైల్వేలో రాయితీ ఉంది. 2017 జనవరి 1 నుంచి, మొదటి చార్టు తయారయ్యాక మిగిలిపోయిన బెర్తులకు మూల ఛార్జీ మీద 10 శాతం తగ్గింపు ఇస్తున్నారు. మంచి ఆలోచన, నేను తప్పు పట్టను. ఇదివరకు బయల్దేరడానికి 4 గంటల ముందు వేసే చార్టును 2025లో ఇంకా ముందుకు జరిపారు కాబట్టి ఈ తగ్గింపు వాడుకోవడానికి జనానికి ఇప్పుడు కాస్త ఎక్కువ వ్యవధి కూడా చిక్కుతోంది. కానీ ఈ సంగతి ఎంతమందికి తెలుసు? నేను అడిగినవాళ్లలో రైల్వే ఉద్యోగుల ఇళ్లవాళ్లకు తప్ప మరెవరికీ తెలియదు. మిగిలిపోయిన బెర్తును చివరి గంటల్లో తగ్గించి అమ్మడం సబబైతే, మిగిలిపోతుందని ముందే తెలిసిన బెర్తును నెల ముందు తగ్గించి అమ్మడం ఇంకా సబబు కదా? చివరి గంటల్లో ధర తగ్గితే స్టేషన్‌కు దగ్గర్లో, ఏ బాధ్యతా లేకుండా, సంచి సర్దుకుని సిద్ధంగా ఉన్నవాడికే ఉపయోగం. నెల ముందు తగ్గితే ముగ్గురు పిల్లల తల్లికి ఉపయోగం.

మీరు పార్లమెంటులో చెప్పిన లెక్క నాకు గుర్తుంది. ఒక ప్రయాణికుడిని చేరవేయడానికి 100 రూపాయలు ఖర్చయితే రైల్వే వసూలు చేస్తున్నది 54 రూపాయలేనని, మిగతా 46 రాయితీయేనని అన్నారు. ఆ లెక్కను నేను కాదనడం లేదు. మాకు రైలు చవక అన్నది నిజం. పండగనాడు ప్రైవేటు బస్సువాడు చెప్పే ధర విన్నాక రైలు టికెట్‌ను కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. కానీ ఆ లెక్కలోనే నా విన్నపానికి ఆధారం ఉంది. ఇంజను, డ్రైవరు, గార్డు, పట్టాల మీద దారి, బోగీ, కరెంటు, ఇవన్నీ బెర్తు నిండినా నిండకపోయినా ఖర్చయ్యేవే. ఖాళీగా వెళ్లిన బెర్తు మీద రైల్వేకు వచ్చేది 54 కాదు, సున్నా. ఆ బెర్తును 45కు అమ్మితే ఆ 45 అంతా వచ్చినట్టే. కూరగాయల బండి నడిపే మనిషి కూడా సాయంత్రానికి వాడిపోయే తోటకూర కట్టను మధ్యాహ్నమే ధర తగ్గించి అమ్ముతాడు.

అందుకే నా విన్నపం ఒక్కటే. చవక టికెట్ ఖాళీ బెర్తు నుంచి పుట్టాలి. ఆలస్యంగా వచ్చినవాడి జేబులోంచి పుట్టకూడదు. ఈ రెండో వాక్యం ఎందుకు రాస్తున్నానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ముందుగా కొంటే చవక అనగానే అధికారుల బుర్రలో మెదిలేది ఆలస్యంగా కొంటే ఖరీదు అన్న ఆలోచనే.

మా వీధిలో అపార్ట్‌మెంటు కడుతున్నారు. అక్కడ పనిచేసే మేస్త్రీ పలాస దగ్గరి మనిషి. భార్య అదే చోట ఇటుకలు మోస్తుంది. ఇంత ముందుగా బుక్ చేసుకుంటే బెర్తు దొరుకుతుంది కదా అని నేనంటే, ‘డబ్బులు సేతికొస్తే గానీ ఎప్పుడెల్తామో సెప్పలేమమ్మా’ అన్నాడు. కాంట్రాక్టరు శ్లాబు పడ్డాక లెక్క చూస్తాడు. శ్లాబు వాన వస్తే ఆగుతుంది, సిమెంటు రాకపోతే ఆగుతుంది. లెక్క తేలిన నాలుగు రోజులకు ఫలక్‌నుమాకో విశాఖ ఎక్స్‌ప్రెస్‌కో పరిగెడతారు. జనరల్ బోగీలో మరుగుదొడ్డి పక్కన నిలబడైనా వెళ్తారు. తీరా ఊళ్లో చావు కబురు వస్తే నాలుగు రోజులు కూడా ఉండవు. వాళ్లు అలా బతకడానికి ముందుచూపు లేకపోవడం కారణం కాదు. వాళ్ల పని ఆ తీరుది. శ్రీకాకుళం నుంచి గుజరాత్ రేవులకు చేపల వేటకు వెళ్లేవాళ్లూ, పాలమూరు నుంచి ముంబయికి పోయేవాళ్లూ ఇంతే. నాలాంటి నెల జీతం మనిషి సెలవు రెండు నెలల ముందే పెట్టగలదు. నాకు రాయితీ ఇచ్చి ఆ భారం మేస్త్రీ మీద వేస్తే అది అన్యాయం. నాకు అలాంటి రాయితీ వద్దు.

బయటి దేశాల్లో ఈ పని ఎలా జరుగుతుందో మన పిల్లలకు బాగా తెలుసు. బర్మింగ్‌హామ్‌లోనో మాంచెస్టర్‌లోనో చదువుకునే తెలుగు పిల్లలు లండన్ వెళ్లాలంటే అడ్వాన్స్ టికెట్ కోసం చూస్తారు. సాధారణంగా 12 వారాల ముందు అమ్మకానికి వస్తుంది. ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. చవక మెట్టులోని సీట్లు అయిపోతే పై మెట్టు ధర. 16 నుంచి 25 ఏళ్ల వారికి రైల్‌కార్డు ఉంటే అందులో మూడో వంతు తగ్గింపు. జర్మనీలో డాయ్చే బాన్ వాళ్లు కూడా ముందుగా కొనేవారికి స్పార్‌ప్రైస్ పేరుతో ఇలాగే అమ్ముతారు. కానీ బ్రిటన్‌లో అదే రైలుకు అప్పటికప్పుడు స్టేషన్‌లో కొనాల్సి వచ్చినవాడు ఇచ్చే ధర గుండె ఝల్లుమనేలా ఉంటుంది. ఒకే రైలు, ఒకే సీటు, కానీ ప్రయాణాన్ని రెండు ముక్కలుగా టికెట్ తీసుకుంటే ఒక్క టికెట్ కంటే చవకైన సందర్భాలూ అక్కడ ఉన్నాయి. ఆ ముక్కలు వెతికిపెట్టడానికే ప్రత్యేకంగా యాప్‌లు నడుస్తున్నాయంటే ఆ గందరగోళం ఊహించవచ్చు. మన దగ్గర దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ధర తగ్గుతుంది కాబట్టి, ముక్కలు చేస్తే మనకే నష్టం. సికింద్రాబాదు నుంచి పలాసకు ఒకే టికెట్ తీసుకోవాలి. మధ్యలో విజయవాడలో విరిస్తే రిజర్వేషన్ రుసుము రెండుసార్లు, సూపర్‌ఫాస్ట్ రుసుమూ రెండుసార్లు పడతాయి. మన ఛార్జీల్లో ఉన్న ఈ సూటిదనం చాలా విలువైనది. దాన్ని పాడుచేయకుండానే బ్రిటన్ నుంచి ఒక్క సంగతి తెచ్చుకోవచ్చు. రద్దీ లేని రైళ్లలో, ముందుగా కొనేవారి కోసం, కొన్ని చవక సీట్లను బాహాటంగా కేటాయించడం.

ఇలాంటి పని మీ శాఖకు కొత్తేమీ కాదు. 2023 జులైలో మీరే ఒక పథకం తెచ్చారు. అంతకు ముందు 30 రోజుల్లో 50 శాతం కంటే తక్కువ నిండిన రైళ్లలో ఏసీ చైర్ కార్, ఎగ్జిక్యూటివ్ తరగతులకు 25 శాతం దాకా తగ్గించే అధికారాన్ని జోనల్ అధికారులకు ఇచ్చారు. సీటు ఖాళీని చూసి ధర తగ్గించవచ్చని అక్కడ మీరు ఒప్పుకున్నట్టే. మరి స్లీపర్ ఏం పాపం చేసింది? చైర్ కార్‌లో పగటిపూట వెళ్లేవారికి ఇచ్చిన వెసులుబాటు రాత్రంతా ప్రయాణించే స్లీపర్, థర్డ్ ఏసీ వాళ్లకు ఎందుకు ఉండకూడదు? ఏ రైలు ఏ నెలలో ఏ వారం ఖాళీగా పోతుందో మీ దగ్గర దశాబ్దాల లెక్కలున్నాయి. ఆన్‌లైన్ టికెట్లు 2002 ఆగస్టులోనే మొదలయ్యాయి. కొన్న తేదీ, ఎక్కిన తేదీ, రద్దు చేసిన తేదీ అన్నీ మీ కంప్యూటర్లలోనే ఉన్నాయి.

2025లో పండగ రద్దీ కోసం రానూపోనూ టికెట్ల పథకం ప్రకటించినప్పుడు నేను నిజంగా సంతోషించాను. వెళ్లే టికెట్, వచ్చే టికెట్ కలిపి కొంటే తిరుగు ప్రయాణం మూల ఛార్జీలో 20 శాతం తగ్గింపు. చదివాక తేదీల దగ్గర ఆగిపోయాను. వెళ్లడం అక్టోబరు 13 నుంచి 26 మధ్య. రావడం నవంబరు 17 నుంచి డిసెంబరు 1 మధ్య. ఆఖరి రోజున వెళ్లి మొదటి రోజున వచ్చినా మధ్యలో 22 రోజులు. ఏ కూలీకి, ఏ గుమాస్తాకు, ఏ బడిపిల్లవాడికి పండక్కి మూడు వారాల సెలవు దొరుకుతుంది సార్? పైగా వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ అదే స్టేషన్ల జత కావాలి, అదే తరగతి, అదే ప్రయాణికులు, రెండువైపులా కన్ఫర్మ్ అయి ఉండాలి, రద్దు చేసుకుంటే డబ్బు రాదు. రద్దీని ముందుకూ వెనక్కూ నెట్టాలన్న మీ ఉద్దేశం అర్థమైంది. కానీ జనం బతుకుల కొలత తీసుకోకుండా కుట్టిన పథకం ఇది. 2023 సంక్రాంతికి ఏపీఎస్‌ఆర్టీసీ చేసినదాన్ని చూడండి. స్పెషల్ బస్సుల్లో అదనపు ఛార్జీ తీసుకోలేదు, రానూపోనూ ఒకేసారి బుక్ చేసుకున్నవారికి 10 శాతం తగ్గించింది. పండగ చేసుకుని మూడో రోజునే తిరిగొచ్చే మామూలు మనిషికి అది పనికొచ్చింది.

సంక్రాంతి స్పెషల్ రైళ్ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60కి తగ్గించారు. 61 నుంచి 120 రోజుల ముందు కొన్న టికెట్లలో సుమారు 21 శాతం రద్దవుతున్నాయని అప్పుడు రైల్వే చెప్పిన కారణం నాకు సరైనదిగానే తోచింది. సరే, మేము 60 రోజులకు అలవాటు పడ్డాం. కానీ ఆ 60 రోజుల నియమం మాకే ఉంది, స్పెషల్ రైళ్లకు లేదు. నవంబరులో రెగ్యులర్ రైళ్లన్నీ నిండిపోతాయి. స్పెషల్ రైళ్లను పండగ దగ్గరపడే కొద్దీ విడతలుగా ప్రకటిస్తారు. పొద్దున పేపర్లో వార్త చూసి తెరిచేలోపు అవీ నిండుతాయి. నవంబరులో వెయిటింగ్ లిస్టు టికెట్ కొనుక్కుని ఆశగా ఎదురుచూసిన కుటుంబం, జనవరి మొదటి వారంలో దాన్ని రద్దు చేసుకుని, స్పెషల్‌లో ఎక్కువ ధర పెట్టి కొనాలి. రద్దు చేసుకున్నప్పుడు ఒక్కొక్కరికి 60 రూపాయల క్లర్కేజీ పోతుంది. కన్వీనియన్స్ ఫీజు ఎటూ తిరిగి రాదు. రైల్వే ఇవ్వని బెర్తుకు రైల్వేయే రుసుము కోసుకుంటుంది. ఇది ముందుచూపున్న కుటుంబానికి పడుతున్న జరిమానా.

సంక్రాంతి ఎప్పుడో ఏడాది ముందే తెలిసినప్పుడు స్పెషల్ రైళ్లను కూడా 60 రోజుల ముందే ప్రకటించవచ్చు. అన్నీ కాకపోయినా సగమైనా. ఇంకొక సంగతి. పండగ ముందు సికింద్రాబాదు నుంచి విశాఖ, కాకినాడ, నర్సాపురం వైపు వెళ్లే స్పెషల్ నిండుగా వెళ్తుంది. అదే బోగీలు మళ్లీ జనాన్ని తేవడానికి వెనక్కి రావాలి. పండగ ముందు కోస్తా నుంచి హైదరాబాదుకు ఎవరొస్తారు? పండగయ్యాక ఈ దిశ తారుమారవుతుంది. ఆ ఎదురు దిశలో కూడా స్పెషల్ ఛార్జీయే వసూలు చేయడంలో అర్థం లేదు. ఆ ఖాళీ దిశలో 20, 30 శాతం తగ్గించి ముందుగా అమ్మండి. పిల్లల దగ్గరికి వచ్చి హైదరాబాదులోనే పండగ చేసుకుందామనుకునే తల్లిదండ్రులు ఆ రైళ్లెక్కుతారు. వాళ్లు ఇటు వస్తే పిల్లల కుటుంబం మొత్తం అటు వెళ్లాల్సిన అవసరం ఉండదు. నిండిన దిశలో నాలుగు బెర్తులు మిగులుతాయి. రద్దీని పంచడమంటే ఇది.

ముందుగా కొనేవాళ్లు ఇంకోచోట కూడా నష్టపోతున్నారు, అది బయటికి కనిపించదు. కొన్ని రైళ్లలో చివరి స్టేషన్‌కు ముందే దిగేవారికి బెర్తులు వేరే కోటాలో, చాలా తక్కువగా ఉంటాయి. పూర్తి దూరానికి టికెట్ తీసుకుంటే జనరల్ కోటాలో కన్ఫర్మ్ అవుతుంది. తునిలో దిగాల్సిన మనిషికి వెయిటింగ్ లిస్టు చూపిస్తుంది, విశాఖ దాకా కొడితే బెర్తు ఉంటుంది. అందుకని విశాఖ దాకా కొని తునిలో దిగిపోతాడు. ఎక్కని దాదాపు 100 కిలోమీటర్లకు ఛార్జీ కడతాడు. తుని నుంచి విశాఖ దాకా ఆ బెర్తు ఖాళీగా పోతుంది. ఇటు తిరుగు ప్రయాణంలో రాజమండ్రిలో ఎక్కేవారు విశాఖ నుంచి టికెట్ తీసుకుని బోర్డింగ్ పాయింట్ మార్చుకుంటారు. ఇది అందరికీ తెలిసిన చిట్కా. చిట్కాలు తెలిసినవాడికి బెర్తు, తెలియనివాడికి వెయిటింగ్ లిస్టు అన్న స్థితి ప్రభుత్వ రవాణాలో ఉండకూడదు. కోటాల హద్దులు ఎక్కడున్నాయో టికెట్ కొనే తెర మీదే చూపిస్తే సగం చిక్కు పోతుంది. 60 రోజుల లెక్క కూడా రైలు మొదటి స్టేషన్‌లో కదిలిన రోజు నుంచి పడుతుందనీ, అర్ధరాత్రి దాటాక మధ్యలో ఎక్కేవారికి రిజర్వేషన్ ఒక రోజు ముందే మొదలవుతుందనీ ఎంతమందికి తెలుసు? ఆ ఒక్క రోజు తేడాతో పండగ బెర్తులు పోగొట్టుకుంటున్నారు.

తెర సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. విమాన టికెట్ కొనేవాడికి నెల మొత్తం క్యాలెండరులో ఏ రోజు ఎంతో ఒక్క చూపులో కనిపిస్తుంది. మన రైల్వే తెర మీద తేదీ తేదీకి, రైలు రైలుకు, తరగతి తరగతికి వేలు పెట్టి నొక్కాలి. వందే భారత్‌లో ఫ్లెక్సీ లేదు, దురంతోలో ఉంది, గరీబ్‌రథ్‌లో థర్డ్ ఏసీ మామూలు రైళ్ల కంటే చవక. 2023 సంక్రాంతి రోజున మొదలైన విశాఖ వందే భారత్‌కు వచ్చినంత ప్రచారంలో పదో వంతు గరీబ్‌రథ్‌కు వస్తే ఎన్నో కుటుంబాల ఖర్చు తగ్గేది. విశాఖకు వెళ్లే రైళ్లన్నీ ధర వరుసలో ఒకచోట పెడితే నలుగురున్న కుటుంబం తనకు తగినది తనే ఎంచుకుంటుంది. బుధవారం వెళ్తే ఇంత తక్కువ, రాత్రి బదులు పగలు వెళ్తే ఇంత తక్కువ అని తెలిస్తే, వీలున్నవాళ్లు తప్పకుండా ఆ రోజుకు మారతారు. రద్దీ రోజున వాళ్లు వదిలిన బెర్తు మా వీధి మేస్త్రీకి దొరుకుతుంది.

ఆన్‌లైన్‌లో కొన్నందుకు వసూలు చేసే కన్వీనియన్స్ ఫీజును కూడా ఒకసారి చూడండి. యూపీఐతో కడితే స్లీపర్‌కు 10, ఏసీకి 20 రూపాయలు, మరో పద్ధతిలో కడితే 15, 30. పైన జీఎస్టీ. 2016లో నోట్ల రద్దు సమయంలో ఎత్తేసి, 2019 సెప్టెంబరు 1 నుంచి మళ్లీ పెట్టారు. కౌంటర్ దగ్గర కొంటే ఈ రుసుము లేదు. కౌంటర్‌కు గుమాస్తా కావాలి, కాగితం కావాలి, గది కావాలి. వాటన్నిటి ఖర్చూ రైల్వేకు తగ్గించినవాడి దగ్గర అదనంగా తీసుకోవడం సబబుగా లేదు. కనీసం 30 రోజుల ముందు కొన్న స్లీపర్ టికెట్లకైనా మినహాయించండి.

వృద్ధుల విషయం ప్రత్యేకంగా రాస్తున్నాను. 2020 మార్చి దాకా 60 దాటిన మగవారికి 40 శాతం, 58 దాటిన ఆడవారికి 50 శాతం రాయితీ ఉండేది. కోవిడ్ పేరుతో ఆపారు, కోవిడ్ పోయింది, రాయితీ తిరిగి రాలేదు. స్లీపర్, థర్డ్ ఏసీలకైనా పరిశీలించమని పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. ఖజానా మీద భారం అన్నదే మీ అభ్యంతరమైతే మధ్యే మార్గం ఒకటుంది. పండగ వారాలు, వేసవి సెలవులు వదిలేసి మిగతా రోజుల్లో, ముందుగా కొన్న వృద్ధులకు ఇవ్వండి. కంటి ఆపరేషన్‌కు వైజాగ్ వెళ్లే పెద్దాయనకు, కూతురి పురిటికి హైదరాబాదు వచ్చే అమ్మకు తేదీ ముందే తెలుస్తుంది, రోజు మార్చుకునే వీలూ ఉంటుంది. ఖాళీ రైళ్లు నింపడానికి వాళ్లకంటే తగినవాళ్లు ఎవరు?

మీ శాఖ చేసిన మంచినీ చెప్పాలి. దొంగ ఐడీలతో బెర్తులు కొల్లగొట్టే ముఠాల మీద మీరు పట్టుదలగా ఉన్నారు. 2025లో రెండున్నర కోట్ల ఐడీలు తొలగించారు. జులై నుంచి తత్కాల్‌కు ఆధార్ తప్పనిసరి చేశారు. అక్టోబరు 1 నుంచి సాధారణ రిజర్వేషన్ మొదలయ్యే తొలి నిమిషాలు కూడా ఆధార్ ధ్రువీకరణ ఉన్నవారికే వదిలారు. దాని ఫలితం మాకు తెలుస్తోంది. ఇప్పుడు కొనేది ఎవరో మీకు ఖచ్చితంగా తెలుసు కాబట్టి, చవక టికెట్లు పెడితే దళారులు ఎగరేసుకుపోతారన్న పాత భయానికి కూడా జవాబు దొరికినట్టే. ఆధార్ ఉన్న మనిషికి, ఆ మనిషి పేరు మీదే, పేరు మార్చడానికి వీల్లేని టికెట్‌గా అమ్మండి.

ఒక్క మార్గం తీసుకుని ఒక్క ఏడాది చేసి చూడండి. సికింద్రాబాదు, విశాఖల మధ్య పోటీగా నడిచే రైళ్లు చాలా ఉన్నాయి, పగటివీ రాత్రివీ ఉన్నాయి, ఫ్లెక్సీ ఉన్నవీ లేనివీ ఉన్నాయి. పరీక్షకు ఇంతకంటే తగిన మార్గం దొరకదు. ఖాళీగా పోయే వారాల్లో స్లీపర్, థర్డ్ ఏసీ బెర్తుల్లో కొంత భాగం 20 శాతం తగ్గించి నెల ముందు అమ్మండి. మామూలు ఛార్జీని మాత్రం ముట్టుకోకండి, ఆలస్యంగా వచ్చినవాడు అదే ఇవ్వాలి. ఎన్ని బెర్తులు ఖాళీగా మిగిలాయో ముందటి ఏడాదితో పోల్చి ఆ అంకెలు జనం ముందు పెట్టండి. నష్టమొస్తే ఎత్తేయండి, మేము నోరెత్తం.

వచ్చే సంక్రాంతికి వెళ్లే రైళ్ల రిజర్వేషన్ నవంబరు రెండో వారంలో తెరుచుకుంటుంది. ఈలోగా స్పెషల్ రైళ్ల పట్టిక, ఎదురు దిశ ఛార్జీ, ఈ రెండూ ప్రకటించగలిగితే చాలు. మిగతావి మీ సౌలభ్యాన్ని బట్టి.

ఇట్లు,
సికింద్రాబాదు నుంచి ఒక స్లీపర్ తరగతి ప్రయాణికురాలు